బాబు వయసెంత? గ్రౌండ్‌లో ఈ ప్రశ్నకు ఒక్కటే జవాబు ఉండాలి

సెలక్షన్ ట్రయల్స్ రోజు ఏ జిల్లా గ్రౌండ్‌కు వెళ్లి చూసినా ఒకటే దృశ్యం. తెల్లవారి 6 గంటలకే బైకుల మీద కిట్ బ్యాగులతో పిల్లలు, వాళ్ల వెనుక అబ్బాలు, మామూలు. బ్యాటు పట్టేది తర్వాత సంగతి. ముందు గేటు దగ్గర టేబుల్ వేసుకుని కూర్చున్నవాళ్లు అడిగే మొదటి మాట, "బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ బోనఫైడ్ ఇవ్వండి."

అక్కడే కొందరి కథ ఆగిపోతుంది. బర్త్ సర్టిఫికెట్‌లో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ. ఒక కాగితంలో 'షేక్', ఇంకో కాగితంలో 'ఎస్.కె.'. పిల్లాడు ఏ తప్పూ చేయలేదు. ఇంట్లోవాళ్లూ చేయలేదు. అయినా "సరిచేయించుకుని వచ్చే ఏడాది రండి" అంటారు.

ఇదే గేటు బయట చాయ్ బండి దగ్గర ఇంకో రకం మాట కూడా వినిపిస్తుంది. "భాయ్, మీవాడు బాగా ఆడతాడు, కానీ వయసు దాటిపోతోంది. ఒక రెండేళ్లు తగ్గించి సర్టిఫికెట్ చేయిస్తే ఇంకా రెండు సీజన్లు ఆడొచ్చు. అందరూ చేస్తున్నదే." చెప్పేవాడు మంచి కోరే చెప్తున్నట్టు ఉంటాడు. పిల్లాడి కోసం ఉద్యోగాలు వదులుకున్న, నగలు కుదువపెట్టిన ఇంటికి ఆ మాట తీయగానే వినిపిస్తుంది.

ఈ రెండు దారుల్లోనూ నష్టపోయేది పిల్లాడే. ఆటల్లో వయసు నియమాలు ఎలా పనిచేస్తాయి, ఎముకల పరీక్ష అంటే ఏంటి, దొంగ తేదీ పెడితే ఏమవుతుంది, నిజమైన తేదీ ఉన్నవాళ్లు కాగితాలు ఎలా సరిపెట్టుకోవాలి, కాలేజీ సీటు దగ్గర వయసు ఎలా అడ్డొస్తుంది అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు వయసు గీత ఎందుకు?

13 ఏళ్ల పిల్లాడికీ 16 ఏళ్ల పిల్లాడికీ మధ్య తేడా మూడేళ్లే అనిపిస్తుంది. కానీ ఆ మూడేళ్లలోనే గొంతు మారుతుంది, భుజాలు వెడల్పవుతాయి, కండ బలం పెరుగుతుంది. 16 ఏళ్లవాడు వేసే బంతి వేగాన్ని 13 ఏళ్లవాడు తట్టుకోలేడు. బాక్సింగ్, కుస్తీ, కబడ్డీ లాంటి ఆటల్లో అయితే దెబ్బలు తగిలే ప్రమాదం కూడా ఉంది. అందుకే సమాన వయసువాళ్లను సమానంగా ఆడించాలని అండర్-14, అండర్-16, అండర్-19 అంటూ గీతలు గీశారు.

ఇంకో కారణం కూడా ఉంది. జట్టులో చోట్లు పరిమితం. 18 ఏళ్లవాడు అండర్-16లో ఆడి సెంచరీ కొడితే, అతని వల్ల ఇంట్లో కూర్చున్న 15 ఏళ్ల పిల్లాడు ఎవరికీ కనబడడు. ఆ పిల్లాడి పేరు ఏ పేపర్లోనూ రాదు.

ఒక్కో ఆటకు ఒక్కో తేదీ

చాలామంది పేరెంట్స్ పొరబడేది ఇక్కడే. 'అండర్-16' అంటే టోర్నమెంట్ జరిగే రోజుకు 16 నిండకూడదు అనుకుంటారు. అలా కాదు. ప్రతి సంఘం ఒక కటాఫ్ తేదీ పెట్టుకుంటుంది. ఆ తేదీ నాటికి లెక్క చూస్తారు.

క్రికెట్‌లో బీసీసీఐ లెక్క సెప్టెంబర్ 1. ఉదాహరణకు 2025-26 సీజన్‌లో అండర్-16 ఆడాలంటే 2009 సెప్టెంబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. 2009 ఆగస్టు 31న పుట్టినవాడికి ఒక్క రోజు తేడాతో అవకాశం పోతుంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల్లో అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు విభాగాలు. అక్కడ లెక్క డిసెంబర్ 31. బాక్సింగ్‌లో పుట్టిన సంవత్సరాన్ని బట్టి విభాగం తేలుతుంది. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 1996లో పుట్టింది కాబట్టే 2011లో టర్కీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో ఆడి బంగారు పతకం తెచ్చింది. 2022లో పెద్దల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది.

కాబట్టి ఒకే పిల్లాడు స్కూల్ గేమ్స్‌కు సరిపోయి, అదే ఏడాది క్రికెట్ సంఘం ట్రయల్స్‌కు సరిపోకపోవచ్చు. అందులో అన్యాయం ఏమీ లేదు. ట్రయల్స్‌కు వెళ్లేముందు "కటాఫ్ తేదీ ఏంటి?" అని ఒక్క ప్రశ్న అడిగితే సగం గొడవ తీరిపోతుంది.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది. నానీ, దాదీలు చెప్పే లెక్క వేరే. "వీడు రంజాన్ చాంద్ కనబడిన రాత్రి పుట్టాడు, మొన్న రంజాన్‌కు 16 నిండాయి" అంటారు. హిజ్రీ ఏడాది ఇంగ్లిష్ ఏడాది కంటే సుమారు 11 రోజులు తక్కువ. 16 ఏళ్లు గడిచేసరికి రెండు లెక్కల మధ్య దాదాపు ఆరు నెలల తేడా వస్తుంది. ఆటల సంఘాలు చూసేది ఇంగ్లిష్ క్యాలెండర్ మాత్రమే.

కటాఫ్ దగ్గర పుట్టినవాళ్ల కష్టం

గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు నష్టపోతారు. సెప్టెంబర్ 1 కటాఫ్ అనుకుంటే, సెప్టెంబర్‌లో పుట్టినవాడు ఆ జట్టులో అందరికంటే పెద్దవాడు, తర్వాతి ఆగస్టులో పుట్టినవాడు అందరికంటే చిన్నవాడు. ఇద్దరికీ దాదాపు ఏడాది తేడా. 12, 13 ఏళ్ల వయసులో ఆ ఏడాది చాలా ఎక్కువ. కెనడా ఐస్ హాకీ ఆటగాళ్ల పుట్టిన నెలలను రోజర్ బార్న్స్‌లీ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు 1985లో పరిశీలించారు. అక్కడ కటాఫ్ జనవరి 1. పైస్థాయి జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టినవాళ్లే ఎక్కువగా కనబడ్డారు. ప్రతిభ పుట్టిన నెలను చూసి రాదు కదా! పెద్దగా కనబడేవాళ్లను కోచ్‌లు ముందు ఎంచుకున్నారు, వాళ్లకు మంచి ట్రైనింగ్ దొరికింది, ఆ తేడా అలాగే పెరిగింది.

దొంగ తేదీ ఆశ కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. ఆగస్టును సెప్టెంబర్ చేస్తే, ఒక్క నెల జరిపినందుకు ఒక పూర్తి సీజన్ కలిసొస్తుంది. "ఒక్క నెలేగా" అని మనసు సర్దుకుంటుంది. మీ పిల్లాడు కటాఫ్‌కు ముందు నెలల్లో పుట్టి, జట్టులో చిన్నగా కనబడుతుంటే కంగారు పడకండి. ఎదుగుదల ఆగిపోలేదు, ఆలస్యమైంది అంతే. కోచ్‌తో ఆ విషయం విడమరిచి మాట్లాడండి.

చిన్నవాళ్లకూ గీత ఉంది

వయసు నియమం అంటే పెద్దవాళ్లను ఆపడానికే అనుకుంటాం. మరీ చిన్నవాళ్లను కాపాడటానికి కూడా నియమాలున్నాయి. మహిళల టెన్నిస్‌లో 14 ఏళ్లు నిండని అమ్మాయిలు ప్రొఫెషనల్ టోర్నీలు ఆడకూడదు. 14 నిండినా, 18 వచ్చేదాకా ఏడాదికి ఇన్ని టోర్నీలే అని పరిమితి ఉంటుంది. అంతర్జాతీయ క్రికెట్ ఆడటానికి కనీసం 15 ఏళ్లు ఉండాలని ఐసీసీ 2020లో నియమం తెచ్చింది.

మన గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ సంగతి గుర్తుందా? 2022 అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టుకు వైస్ కెప్టెన్. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50 కొట్టాడు. కానీ ఆ నెలలోనే జరిగిన ఐపీఎల్ వేలానికి అతను, అతని జట్టులో మరికొందరు అర్హులు కాలేదు. 19 ఏళ్లు నిండనివాళ్లు వేలంలోకి రావాలంటే కనీసం ఒక ఫస్ట్ క్లాస్ లేదా లిస్ట్-ఎ మ్యాచ్ ఆడి ఉండాలన్నది నియమం. అదే నియమం వల్ల, 12 ఏళ్లకే బిహార్ తరఫున రంజీ ఆడిన వైభవ్ సూర్యవంశీ 13 ఏళ్లకే 2024 వేలంలో నిలబడగలిగాడు. రషీద్ ఆగాడు. తర్వాతి వేలంలో చెన్నై తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో ఐపీఎల్ మొదటి మ్యాచ్ ఆడాడు. ప్రపంచ కప్ గెలిచిన కుర్రాడికి కూడా మూడేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆగినందుకు ఆట ఎక్కడికీ పోలేదు.

ఎముకల పరీక్ష అంటే ఏంటి?

కాగితాలను నమ్మలేని పరిస్థితి వచ్చాకే సంఘాలు ఎముకలను అడగడం మొదలుపెట్టాయి. బీసీసీఐ 2012 నుంచి అండర్-16 అబ్బాయిలకు 'టీడబ్ల్యూ-3' అనే పరీక్ష వాడుతోంది. టానర్, వైట్‌హౌస్ అనే ఇద్దరు పరిశోధకుల పేర్ల మీద వచ్చిన పద్ధతి ఇది. అమ్మాయిలకు అండర్-15లో చేస్తారు.

ఎడమ చేతి మణికట్టు, అరచేయి, వేళ్లు కనబడేలా ఒక ఎక్స్-రే తీస్తారు. పిల్లల ఎముకల చివర్లలో ఎదిగే భాగం ఉంటుంది. చిన్నప్పుడు అది విడిగా కనబడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఎముకతో కలిసిపోతూ వస్తుంది. ఏ ఎముక ఏ దశలో ఉందో చూసి మార్కులు వేసి, 'ఎముక వయసు' లెక్కగడతారు. బీసీసీఐ నియమం ప్రకారం అండర్-16 అబ్బాయి ఎముక వయసు 16.4 దాకా ఉండొచ్చు, 16.5 వస్తే కుదరదు. అమ్మాయిలకు అండర్-15లో 14.9 దాకా ఒప్పుకుంటారు. ఒకసారి పాసైన పిల్లలకు మరుసటి ఏడాది మళ్లీ ఎక్స్-రే తీయకుండా పాత అంకెకు 1 కలిపేవారు. అలా కలపడం వల్ల అర్హత పోయేవాళ్లకు ఇంకోసారి పరీక్ష చేయించుకునే అవకాశం ఇవ్వాలని 2025లో నిర్ణయించారు.

ఆడపిల్లల తల్లులు కొందరు ఈ పరీక్ష అంటే సంకోచిస్తారు. భయపడాల్సింది ఏమీ లేదు. చేయి మాత్రమే మెషీన్ మీద పెడతారు, సూది గుచ్చరు, చేతి ఎక్స్-రేలో రేడియేషన్ చాలా స్వల్పం. ఫుట్‌బాల్‌లో ఫిఫా 2009 నుంచి అండర్-17 ప్రపంచ కప్‌లో ఎక్స్-రే బదులు ఎంఆర్‌ఐ వాడుతోంది. అందులో రేడియేషన్ అసలే ఉండదు.

ఈ పరీక్ష పుట్టిన తేదీని చెప్పదు. ఎముకలు ఎంత ఎదిగాయో మాత్రమే చెప్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే ఎముక వయసు అసలు వయసు కంటే ఏడాది అటూ ఇటూ ఉండటం మామూలే. తొందరగా పొడుగయ్యే పిల్లల ఎముకలు ముందుకు పరుగెడతాయి. తిండి సరిగా అందనివాళ్లకు, థైరాయిడ్ లాంటి సమస్య ఉన్నవాళ్లకు వెనకబడతాయి. కాబట్టి నిజంగా 15 ఏళ్లే ఉన్న పిల్లాడికి కూడా 16.8 రావొచ్చు. అలా వస్తే అతను మోసగాడని అర్థం కాదు. ఆ విభాగంలో ఆడలేడు, అంతే. బర్త్ సర్టిఫికెట్ సరిగా ఉంటే అండర్-19కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. ఈ తేడా ఇంట్లోవాళ్లకు తెలియక, "మా అబ్బాయిని ఫ్రాడ్ అన్నారు" అని కుమిలిపోయి ఆట మాన్పించేవాళ్లున్నారు. అలా చేయకండి.

రెండేళ్లు తగ్గిస్తే ఏమవుతుంది?

2001లో అమెరికాలో జరిగింది వినండి. 12 ఏళ్లలోపు పిల్లలు ఆడే లిటిల్ లీగ్ బేస్‌బాల్ పోటీల్లో న్యూయార్క్ బ్రాంక్స్ జట్టుకు డానీ ఆల్మాంటే అనే పిల్లాడు బంతులు విసిరాడు. ఒక మ్యాచ్‌లో ప్రత్యర్థుల్లో ఒక్కరిని కూడా మొదటి బేస్ దాకా చేరనివ్వలేదు. దేశమంతా అతని పేరు మారుమోగింది. కొద్ది రోజులకే ఒక పత్రిక అతను పుట్టిన డొమినికన్ రిపబ్లిక్‌లో రికార్డులు వెతికి, అతనికి 12 కాదు, 14 ఏళ్లని బయటపెట్టింది. జట్టు విజయాలన్నీ రద్దు చేశారు. తేదీ మార్చిన తండ్రిని, జట్టు నడిపిన వ్యక్తిని జీవితకాలం నిషేధించారు. పిల్లాడికి నిజంగానే ప్రతిభ ఉంది. కానీ ఈరోజుకీ అతని పేరు చెబితే గుర్తొచ్చేది ఆ తప్పుడు కాగితమే.

మన దేశంలోనూ ఉంది. జమ్మూ కాశ్మీర్ పేసర్ రసిఖ్ సలామ్ 2019లో ఐపీఎల్ ఆడిన కొద్ది నెలలకే, బర్త్ సర్టిఫికెట్ సరైనది కాదని తేల్చి బీసీసీఐ రెండేళ్లు సస్పెండ్ చేసింది. అండర్-19 జట్టుతో ఇంగ్లండ్ వెళ్లాల్సిన పేరు జాబితాలోంచి తీసేశారు. ఆ కుర్రాడు పట్టుదలతో తిరిగి వచ్చాడు. 2024 వేలంలో బెంగళూరు 6 కోట్లకు తీసుకుంది. రెండేళ్లు పోయినా నిలబడ్డాడు కాబట్టి మనకు తెలిసింది. అలా పోయి మళ్లీ రానివాళ్ల పేర్లు మనకు తెలియవు.

2020లో బీసీసీఐ ఒక అవకాశం ఇచ్చింది. గతంలో తప్పుడు తేదీ ఇచ్చినవాళ్లు సెప్టెంబర్ 15లోగా తామే వచ్చి నిజం చెప్తే శిక్ష ఉండదు, సరైన వయసు విభాగంలో ఆడొచ్చు అంది. చెప్పకుండా దొరికితే రెండేళ్ల నిషేధం, ఆ తర్వాత కూడా వయసు విభాగాల టోర్నీల్లో ఆడనివ్వం అంది. వేరే రాష్ట్రంవాళ్లు తప్పుడు చిరునామా చూపించి ఆడినా రెండేళ్లే. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు, హైదరాబాద్ నుంచి బీదర్‌కు మారే కుటుంబాలు ఈ చివరి మాట గుర్తుపెట్టుకోవాలి.

మిగతా ఆటలకు కేంద్ర క్రీడల శాఖ 2010లోనే వయసు మోసాల మీద ఒక జాతీయ నియమావళి తెచ్చింది. 2025 మార్చిలో దాన్ని కఠినం చేస్తూ కొత్త ముసాయిదా విడుదల చేసింది. మొదటిసారి దొరికితే రెండేళ్ల నిషేధం, రెండోసారి జీవితకాల నిషేధం, పోలీసు కేసు అని అందులో ఉంది. కోచ్‌లు, అధికారులకు కూడా శిక్షలు ప్రతిపాదించారు. ఇవన్నీ పక్కన పెట్టినా, నకిలీ సర్టిఫికెట్ తయారు చేయడం, వాడటం క్రిమినల్ నేరమే.

అన్నింటికంటే పెద్ద నష్టం ఒకటుంది. 2015లో ఢిల్లీలో పటౌడీ స్మారక ఉపన్యాసం ఇస్తూ రాహుల్ ద్రవిడ్ ఈ విషయమే ఎత్తాడు. తల్లిదండ్రులు, కోచ్‌లే దొంగ సర్టిఫికెట్ చేయించడం చూసిన పిల్లాడు దాని నుంచి ఏం నేర్చుకుంటాడని అడిగాడు. 14 ఏళ్ల పిల్లాడికి "ఎవరైనా అడిగితే 12 అని చెప్పు" అని మనమే నేర్పితే, రేపు అతను మనతో అబద్ధం ఆడినప్పుడు ఏ ముఖంతో మందలిస్తాం?

అనుమానం వచ్చినా చిక్కే

తప్పు చేయకపోయినా అనుమానం ఎంత సతాయిస్తుందో బ్యాడ్మింటన్ ఆటగాడు లక్ష్య సేన్ కేసు చూస్తే తెలుస్తుంది. పుట్టిన తేదీ మార్చారని అతని మీద, అన్న మీద, తల్లిదండ్రుల మీద, కోచ్ మీద ఫిర్యాదు వచ్చి 2022లో బెంగళూరులో ఎఫ్‌ఐఆర్ నమోదైంది. చివరికి 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. కానీ ఈలోపు అతను ఒలింపిక్స్ ఆడుతూనే నెత్తిన కేసు మోశాడు. అంత పెద్ద ఆటగాడికి లాయర్లు దొరికారు. మన మొహల్లాలోని పిల్లాడికి ఎవరు దొరుకుతారు? అందుకే కాగితాలు మొదటి నుంచీ ఒక్కటిగా ఉండాలి.

మన ఇళ్లలో కాగితాలు ఎందుకు కలవవు?

మోసం ఉద్దేశం లేకుండానే తేదీలు తేడా రావడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఆస్పత్రిలో పుట్టినప్పుడు పేరు పెట్టకముందే రిజిస్ట్రేషన్ అయిపోతుంది, సర్టిఫికెట్‌లో పిల్లల పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది. ఇంట్లో పుట్టినవాళ్లకు అసలు రిజిస్ట్రేషనే ఉండదు. స్కూల్లో చేర్చేటప్పుడు 5 ఏళ్లు నిండాలని మాస్టారే జూన్‌లో ఏదో ఒక తేదీ రాసేస్తారు. ఆధార్ క్యాంపులో నోటితో చెప్పిన తేదీ ఎక్కుతుంది. పేరు దగ్గర షేక్, ఎస్.కె., షైక్; మహ్మద్, మొహమ్మద్, ఎం.డి. అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర ఉంటుంది.

వీటన్నింటికీ మూలం బర్త్ సర్టిఫికెట్. 2023 అక్టోబర్ 1 తర్వాత పుట్టిన పిల్లలకు స్కూల్ చేరిక, ఆధార్, పాస్‌పోర్ట్, ఓటు, సర్కారీ ఉద్యోగం లాంటివాటికి పుట్టిన తేదీ రుజువుగా అదొక్కటే చెల్లుతుందని చట్టమే మార్చారు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో ఒక కేసులో స్పష్టం చేసింది. ఆ కేసులో స్కూల్ సర్టిఫికెట్ తేదీనే తీసుకుంది.

ఇప్పుడే చేయాల్సిన పనులు

మొదటిది, పుట్టిన 21 రోజుల్లో రిజిస్టర్ చేయించండి. ఆ తర్వాత 30 రోజుల దాకా లేట్ ఫీజుతో అవుతుంది. ఏడాది దాకా స్వయంగా ధ్రువీకరించిన పత్రం, పైఅధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే ఆర్డీఓ లాంటి మెజిస్ట్రేట్ అధికారం ఉన్నవాళ్ల ఆర్డర్ తప్పనిసరి.

రెండోది, పేరు గడి ఖాళీగా ఉంటే ఇప్పుడే నింపించండి. ఏడాదిలోపు అయితే ఫీజు ఉండదు. ఆ తర్వాత 15 ఏళ్లదాకా ఫీజు కట్టి చేర్పించవచ్చు. తెలంగాణలో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయం ద్వారా దరఖాస్తు ఇవ్వొచ్చు.

మూడోది, ఇంటిపేరు స్పెల్లింగ్ ఒకటి ఖాయం చేసుకోండి. తండ్రి ఆధార్, తల్లి ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్, స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్, అన్నింటిలో అదే అక్షరాలు ఉండాలి. ముందు బర్త్ సర్టిఫికెట్ సరిచేయించి, దాన్ని చూపించి ఆధార్, స్కూల్ రికార్డు మార్పించండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పుకు మామూలుగా ఒక్కసారే అవకాశం. తొందరపడి తప్పు తేదీకి మార్చుకోకండి.

నాలుగోది, పదో తరగతికి ముందే ఈ పని ముగించండి. ఎస్సెస్సీ మెమోలో పడిన తేదీ మార్పించడం చాలా కష్టం. పాస్‌పోర్ట్ నుంచి ఉద్యోగం దాకా అదే వెంటాడుతుంది.

ఐదోది, ఆస్పత్రి డిశ్చార్జ్ కాగితం, టీకాల కార్డు పారేయకండి. ఆలస్యంగా రిజిస్టర్ అయిన సర్టిఫికెట్ చూస్తే సంఘాలకు అనుమానం వస్తుంది. అప్పుడు ఆ పాత పసుపు కార్డే మీ తరఫున సాక్ష్యం చెప్తుంది.

స్కూల్లో పొరపాటున తక్కువ వయసు పడి ఉంటే, దాన్నే అడ్డం పెట్టుకుని ఆడిద్దాం అనుకోకండి. నిజం మనకు తెలిసినప్పుడు అది పొరపాటు కాదు. సంఘానికి మనమే రాసి ఇచ్చి సరిచేయించుకోవడం మంచిది.

కాలేజీ, కోటా, అమెరికా ఆశ

ఆట వల్ల చదువులో లాభం కూడా ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ అడ్మిషన్లలో స్పోర్ట్స్ కోటా 0.5 శాతం. చూడటానికి చిన్నదే, కానీ సీటు వచ్చిన ఇంటికి అది పెద్దదే. సర్టిఫికెట్లను క్రీడా అధికారులు పరిశీలిస్తారు. పతకం మీద ఉన్న పేరు, తేదీ, ఎస్సెస్సీ మెమోతో కలవాలి. అండర్-17లో ఒక తేదీతో ఆడి, అడ్మిషన్‌లో ఇంకో తేదీ చూపిస్తే ఆ పతకం ఎందుకూ పనికిరాదు. తప్పుడు తేదీతో గెలిచిన సర్టిఫికెట్ చాలాసార్లు బయటపడేది ఇక్కడే. కాలేజీలో చేరాక అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు 17 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండాలి.

మన బంధువుల్లో కొందరు అమెరికాలో టెన్నిస్, స్విమ్మింగ్, గోల్ఫ్ ఆడే పిల్లలకు కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందని చెప్తారు. వస్తుంది, నిజమే. అక్కడ కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ పద్ధతి వేరే. డివిజన్-1లో చాలాకాలంగా నడిచిన నియమం ప్రకారం, ప్రపంచంలో ఏ డిగ్రీ కాలేజీలో ఫుల్‌టైమ్ చేరినా అప్పటి నుంచి ఐదేళ్ల గడియారం మొదలవుతుంది. అందులో నాలుగు సీజన్లు ఆడొచ్చు. అంటే ఇక్కడ బీకాం ఏడాది చదివి వెళ్తే ఆ ఏడాది లెక్కలోంచి పోతుంది. పన్నెండో తరగతి, మన లెక్కలో ఇంటర్ రెండో ఏడాది అయ్యాక ఖాళీగా ఉండి టోర్నీలు ఆడుతూ గడిపినా సీజన్లు కోతపడతాయి. చాలా ఆటల్లో ఒక ఏడాది వెసులుబాటు ఇచ్చారు, టెన్నిస్‌లో అది ఇంకా తక్కువ. ఈ నియమాల మీద అక్కడ కోర్టు కేసులు నడిచాయి, మార్పుల చర్చ కూడా సాగింది. కాబట్టి మీ అమ్మాయి, అబ్బాయి చేరే ఏడాదికి నియమం ఏంటో ఎన్‌సీఏఏ అర్హత కేంద్రం వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. ఏజెంట్ మాట మీద ఆధారపడకండి. అక్కడ కూడా మొదట అడిగేది మార్కుల మెమోలు, పాస్‌పోర్ట్. రెండింటిలో పుట్టిన తేదీ ఒక్కటే ఉండాలి.

చివరగా

చాయ్ బండి దగ్గర "రెండేళ్లు తగ్గిద్దాం భాయ్" అన్న మనిషి, రేపు పట్టుబడ్డ రోజు మీ ఇంటికి రాడు. నోటీసు మీ పిల్లాడి పేరు మీదే వస్తుంది. వయసు గీత దాటిపోతే ఒక సీజన్ పోతుంది. తర్వాతి విభాగం, ఆ తర్వాత పెద్దల క్రికెట్ ఉన్నాయి. నిజాయితీ మీద మచ్చ పడితే మాత్రం అది అన్ని విభాగాల్లోనూ వెంట వస్తుంది.

ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించండి. బీరువాలోని ఫైల్ తీయండి. పిల్లల బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ బోనఫైడ్ పక్కపక్కన పెట్టి పేరు, తేదీ ఒక్కో అక్షరం కలిపి చూడండి. తేడా ఉంటే సోమవారమే మీసేవకో, సచివాలయానికో వెళ్లండి. గేటు దగ్గర ఎవరైనా "బాబు వయసెంత?" అని అడిగితే, మీ పిల్లాడు మీ ముఖం వైపు చూడకుండా జవాబు చెప్పగలగాలి.